గిటారును కింద పెట్టమన్నాము



ఈ నెల మేము రాస్తున్నది వాక్యధ్యానము కాదు. గిటారును గురించి, మైకును గురించి. పాస్టరుగారికి మైకుసెట్టు సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకును మొదట అలాగే అనిపించింది. మేము వేదాంత విద్య చదివాము గాని విద్యుత్తు సంగతులు చదువలేదు. అయినను ఒక రాత్రి మా మందిరములో జరిగినది, ఆ తరువాత మేము నేర్చుకొన్నది చెప్పితే, పల్లె సంఘములలో సేవచేసే తోటి సేవకులకు, పాటలు పాడే యౌవనస్థులకు మేలు కలుగునని తలంచి రాస్తున్నాము.

ఆ రాత్రి జరిగినది

బనగానపల్లె నుండి యాగంటికి పోయే దారిలో ఒక పల్లె ఉన్నది. అక్కడ మా సంఘములలో ఒకటి ఉన్నది. నాపరాళ్ల గనులలోను, పాలిషు ఫ్యాక్టరీలలోను కూలి చేసుకొనేవారు, శనగ చేలలో, మిరప చేలలో పని చేసేవారు కలిసి అరవై ఇళ్లవారు. మందిరము చిన్నది. గోడలు సిమెంటువి, నేల నునుపైన నాపరాయి, పైన రేకులు. అందరు చందాలు వేసుకొని కొన్న మైకుసెట్టు ఒకటి, రెండు బాక్సులు ఉన్నవి.

ఆ సంఘములో పందొమ్మిది ఏండ్ల అబ్బాయి ఒకడున్నాడు. రాళ్ల ఫ్యాక్టరీలో రెండేండ్లు పని చేసి, ఇంట్లో ఇచ్చినది పోగా మిగిలినది కూడబెట్టి గిటారు కొన్నాడు. లోపల పికప్, పక్కన చిన్న నాబులు ఉన్న గిటారు. కోతకాలపు పండుగ కోసము ముగ్గురు ఆడపిల్లలతో కలిసి రెండు నెలలు పాట అభ్యాసము చేశాడు. పండుగ రాత్రి మందిరము నిండిపోయింది. పక్క ఊళ్ల నుండి కూడ బంధువులు వచ్చారు.

మొదటి చరణము చక్కగా సాగింది. రెండవ చరణములో బాక్సుల నుండి సన్నగా "హూం" అని ఒక శబ్దము మొదలైంది. అబ్బాయి కంగారుపడి గిటారును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. శబ్దము ఇంకా పెరిగి, రేకులు అదిరేంత కూతగా మారింది. ముందు వరుసలో కూర్చున్న అవ్వ రెండు చెవులు మూసుకొన్నది. తల్లి ఒడిలో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. వెనుక నుండి ఎవరో "ఆపండి" అని కేక వేశారు.

అప్పుడు మేము మైకు అందుకొని, అందరు వినేలాగున, "ముందు ఆ గిటారు కింద పెట్టు నాయనా. ఇది దేవుని సన్నిధి, ఆటస్థలము కాదు" అన్నాము.

అబ్బాయి మాట్లాడలేదు. గిటారును సంచిలో పెట్టుకొని పక్క తలుపు గుండా బయటికి పోయాడు. వచ్చే ఆదివారము రాలేదు. ఆ పై ఆదివారము కూడ రాలేదు. మూడవ ఆదివారము ఆరాధన అయిన తరువాత అతని తల్లి మా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, వాడు గిటారు అమ్మేస్తానంటున్నాడు. తప్పు వాడిదే అయితే అమ్మేయమని మీరే చెప్పండి. వాడిది కాకపోతే ఆ మాటా మీరే చెప్పండి" అన్నది.

ఆ తల్లికి చెప్పుటకు మా దగ్గర జవాబు లేదు. ఆ కూత ఎందుకు వచ్చిందో మాకు తెలియదు. తెలియకుండానే తీర్పు చెప్పివేశాము.

తప్పు ఎక్కడున్నది?

బనగానపల్లెలో ముప్పై ఏండ్లుగా మైకుసెట్టు నడుపుతున్న ఒక పెద్దాయన మాకు పరిచయము. పెండ్లిండ్లకు, జాతరలకు, సభలకు, మన సువార్త కూటములకు కూడ ఆయనే కట్టేవాడు. ఆయనను పిలిపించాము. ఆయన వచ్చి గిటారు ఊసే ఎత్తలేదు. నేరుగా గోడల వైపు చూశాడు.

"ఈ బాక్సులు ఈడ పెట్టమని ఎవరు చెప్పినారు అయ్యగారూ?"

"మేమే చెప్పాము."

నిజమే. ప్రసంగ పీఠము వెనుక గోడకు రెండు వైపుల ఉంటే అందముగా ఉంటుందని, వైరు కూడ తక్కువ పడుతుందని మేమే అక్కడ పెట్టించాము.

"పిల్లోడు ఎక్కడ నిలబడినాడు?"

చూపించాము. ఒక బాక్సుకు ముందు, నాలుగడుగుల దూరములో.

పెద్దాయన నవ్వి, "అట్లయితే బాక్సు పాడేదంతా మళ్లా గిటారు కడుపులోకే పోతాది గదా! గిటారు తప్పేముంది అయ్యగారూ, మీ బాక్సే దాన్ని కూయించింది" అన్నాడు.

మేము తల వంచుకొన్నాము. ఆ రాత్రి కింద పెట్టవలసినది గిటారు కాదు, మేము గోడకు కొట్టించిన బాక్సులు.

కూత అంటే చక్రవడ్డీ

ఈ కూతను మైకుసెట్టువారు ఫీడ్‌బ్యాక్ అంటారు. డెన్మార్కు దేశపు శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీనికి లార్సెన్ ఎఫెక్ట్ అనే పేరు కూడ ఉన్నది.

మన రైతులకు ఇది అప్పు లెక్కలో చెప్పితే సులభముగా అర్థమవుతుంది. తీగె మీటగానే ఆ శబ్దమును పికప్ పట్టుకొంటుంది. ఆంప్లిఫయరు దానిని పెంచుతుంది. బాక్సు దానిని గాలిలోకి వదులుతుంది. అందులో కొంత తిరిగి వచ్చి గిటారు చెక్కను, తీగెలను అదిరిస్తుంది. ఆ అదురును పికప్ మళ్లీ పట్టుకొంటుంది. ఆంప్లిఫయరు మళ్లీ పెంచుతుంది. వడ్డీకి వడ్డీ కట్టినట్టు ప్రతి చుట్టులోను అసలు పెరుగుతూ పోతుంది. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. నాలుగడుగుల దూరములో ఉన్న బాక్సుకు, గిటారుకు మధ్య ఈ చుట్టు సెకనుకు 280 సార్లకు పైగా తిరుగుతుంది. అందుకే కన్ను మూసి తెరిచేలోగా కూత మందిరమంతా నిండిపోతుంది.

తిరిగి వచ్చేది పోయిన దానికన్నా తక్కువైతే అప్పు తీరిపోతుంది, శబ్దము చచ్చిపోతుంది. సమానమైనా, ఎక్కువైనా కూత తప్పదు. ఇకమీదట మేము చెప్పబోయే ఉపాయములన్నిటి సారము ఒక్కటే: తిరిగి వచ్చే శబ్దమును తగ్గించుట.

పూర్తిగా చెడ్డదని కూడ అనలేము. ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారు 1964లో ఒక రికార్డు ఆరంభములో ఈ కూతనే కావాలని పెట్టారు. వారికది వినోదము. మన మందిరములో అవ్వకు, పసిబిడ్డకు అది వినోదము కాదు.

గిటారు కడుపులోని స్వరము

హార్మోనియమునకు, తబలాకు ఇంతగా రాని బాధ గిటారుకే ఎందుకు వస్తుంది? దీనికి జవాబు మన నంద్యాల జిల్లాలోనే ఉన్నది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు మీలో అనేకులు చూచి ఉంటారు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలలో సప్తస్వరాల గుహ అని ఒక భాగము ఉన్నది. 2006లో దానిని సందర్శకులకు తెరిచారు. అక్కడ పైనుండి వేలాడే రాతి ఊడలను కర్రతో గాని వేలి కణుపుతో గాని తట్టితే లోహపు శబ్దము వస్తుంది. ప్రతి వస్తువుకు తనదైన ఒక స్వరము ఉంటుంది. తట్టితే ఆ స్వరమే పలుకుతుంది. ఆళ్లగడ్డ శిల్పులను అడిగి చూడండి, రాతిని తట్టి శబ్దము వినుటలోని విలువ వారు చెప్తారు.

గిటారు కూడ అంతే. పలుచని చెక్కతో చేసిన బోలు పెట్టె అది. చిన్న అదురుకే కదలాలని దానిని అలా చేశారు. దాని కడుపులోని గాలికి, సీసా మూతి మీద ఊదినప్పుడు వచ్చేటటువంటి ఒక స్వరము ఉంటుంది. పెద్ద సైజు గిటారులలో అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అనగా సెకనుకు నూరుసార్లు అదిరే స్వరము. లావు తీగె నుండి లెక్కిస్తే రెండవదైన ఐదవ తీగెను ఉత్తగా మీటితే 110 హెర్ట్జ్. ఆ చుట్టుపక్కలే ఈ "హూం" పుడుతుంది. పై చెక్క స్వరము దాదాపు 200 హెర్ట్జ్ దగ్గర, అనగా మూడవ తీగె స్వరమైన 196కు దగ్గరలో ఉంటుంది. అక్కడ కూడ కూత పుట్టవచ్చు.

దీనిని బట్టి ఒక గుర్తు చెప్పుకోవచ్చు. కూత లావుగా "హూం" అని వస్తే చాలా మట్టుకు గిటారు కడుపు. సన్నగా "కీ" అని వస్తే చాలా మట్టుకు పాడేవారి మైకు. ఆ రాత్రి వచ్చినది "హూం". అయినను దానిని పుట్టించిన బాక్సు మాది.

మూడు రకముల పికప్‌లు

మన యౌవనస్థులు గిటారు కొనేముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. గిటారు శబ్దమును పట్టుకొనుటకు ముఖ్యముగా మూడు మార్గములు ఉన్నవి.

మొదటిది, గిటారు ఎదుట మామూలు మైకు పెట్టుట. సహజముగా వినబడేది ఇదే. కూసేది కూడ అన్నిటికన్నా ఇదే ఎక్కువ. తప్పనిసరి అయితే మైకును గుండ్రని రంధ్రమునకు ఎదురుగా పెట్టకండి. పన్నెండవ మెట్టు దగ్గర, ఆరు మొదలు పది అంగుళముల దూరములో పెట్టండి. రంధ్రము ఎదుట కడుపులోని గాలి స్వరము బలముగా వస్తుంది.

రెండవది, తీగెలు ఆనే ఎముక ముక్క కింద పెట్టే పీజో పికప్. కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సు దేశములో పియేర్ క్యూరీ, జాక్ క్యూరీ అనే అన్నదమ్ములు 1880లో కనుగొన్నారు. ఆ సూత్రము మీదనే ఇది పని చేస్తుంది. ఇది గాలి శబ్దము కన్నా తీగె ఒత్తిడినే ఎక్కువగా వింటుంది గనుక మైకు కన్నా తక్కువగా కూస్తుంది. ఇప్పుడు అంగళ్లలో దొరికే పికప్ గిటారులలో ఎక్కువ భాగము ఇవే. మా అబ్బాయి గిటారు కూడ ఇదే.

మూడవది, రంధ్రములో బిగించే అయస్కాంతపు పికప్. ఇది ఇనుప తీగెల కదలికను మాత్రమే పట్టుకొంటుంది. కూత తక్కువ. అయితే నైలాను తీగెల గిటారుకు పని చేయదు. ఇవి గాక, చెక్క మీద అంటించే చవుక పికప్‌లు కూడ దొరుకుతవి. అవి చెక్క అదురునే వింటవి గనుక కూతకు త్వరగా లొంగిపోతవి.

మేము చేసిన మార్పులు

పెద్దాయన చెప్పినవి, తరువాత నంద్యాలలో సౌండు పని చేసే ఒక విశ్వాసి నేర్పినవి కలిపి వరుసగా రాస్తున్నాము. మొదట చెప్పినవి ఖర్చు లేనివి.

1. బాక్సులు ముందు, పాడేవారు వెనుక. బాక్సులను పీఠము వెనుక గోడ నుండి తీసి, పాడేవారికన్నా ముందుకు, మనిషి తలకన్నా ఎత్తుగా, సంఘము వైపు తిప్పి పెట్టాము. బయలులో దూరము రెట్టింపైతే శబ్దపు ఒత్తిడి సగమవుతుంది, అనగా 6 డెసిబెల్సు తగ్గుతుంది. గోడల మధ్య అంతగా తగ్గదు గాని మేలు మాత్రము తప్పక కనబడుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 100 హెర్ట్జ్ శబ్దపు అల మూడున్నర మీటర్ల పొడవుంటుంది. అది బాక్సు వెనుకకు కూడ చుట్టుకొని వస్తుంది. అందుచేత బాక్సు వెనుక నిలబడినంత మాత్రాన లావు కూత పూర్తిగా పోదు. దానికి ఈ కింది ఉపాయములు కూడ కావాలి.

2. గిటారు ముఖము బాక్సుకు చూపకండి. పాడేవారి కోసము కింద చిన్న బాక్సు పెట్టుకొంటే, అది గిటారు రంధ్రమునకు ఎదురుగా ఉండకూడదు. ఒక అడుగు పక్కకు జరిగినా, కొంచెము తిరిగి నిలబడినా కూత ఆగిపోవుట మేము కళ్లారా చూశాము. పాడే మైకులలో చాలా వాటికి వెనుక వైపు చెవుడు. ఆ వెనుక వైపునే చిన్న బాక్సు ఉండాలి. మైకు జాలీని గుప్పిటతో మూసి పట్టుకొంటే ఆ చెవుడు పోయి అన్ని వైపుల నుండి వింటుంది, కూస్తుంది. సినిమాలలో చూచి మన పిల్లలు అలా పట్టుకొంటారు, మాన్పించండి.

3. అవసరము లేని మైకులు కట్టేయండి. తెరచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారి, కూయకుండా పెంచగల శబ్దము 3 డెసిబెల్సు తగ్గిపోతుంది. పాట జరుగుచుండగా పీఠము మీది మైకు తెరచి ఉండవలసిన పని లేదు. ఆ రాత్రి మా మైకు కూడ తెరచే ఉన్నది. పాడేవారు మైకుకు రెండు మూడు అంగుళముల దగ్గరగా పాడితే, దూరము నుండి పాడి మీట పెంచే అవసరము ఉండదు.

4. గిటారు రంధ్రమునకు మూత. రబ్బరు మూతలు సంగీత వాయిద్యముల అంగళ్లలో దొరుకుతవి. గిటారు కడుపులోని గాలి రంధ్రము గుండా ఊగకుండా ఇది ఆపుతుంది. మూత దొరికేలోగా దళసరి స్పాంజిని రంధ్రము సైజుకు కత్తిరించి అమర్చుకోవచ్చు. చెక్కకు జిగురు మాత్రము పూయకండి. మైకు ఎదుట పెట్టి వాయించే గిటారుకు ఇది పనికిరాదు, పికప్ ఉన్నవాటికే.

5. బేసు తగ్గించండి. మందిరములో గిటారు పాటకు ఆసరా. దానికి లావు శబ్దము ఎక్కువ అవసరము లేదు. మిక్సరులో లో కట్ అనే మీట ఉంటే దానిని నొక్కండి. గిటారు మీదనే నాచ్ అనే నాబు ఉంటే, కూత వచ్చే స్వరము దొరికేవరకు మెల్లగా తిప్పండి. కూత ఉన్న ఆ ఒక్క స్వరమునే అది తగ్గిస్తుంది. ఫేజ్ అనే బటను ఉంటే రెండు వైపుల నొక్కి చూచి, తక్కువ కూసే వైపు ఉంచండి.

6. జనము రాకముందే కూయించి చూడండి. ఇది అన్నిటిలోను ముఖ్యమైనది. గిటారు భుజాన వేసుకొని, పాడే చోటనే నిలబడి, ఒకరు శబ్దమును మెల్లమెల్లగా పెంచాలి. "హూం" మొదలు కాగానే ఆగాలి. ఆ స్వరమేదో శ్రుతి చూచే ట్యూనరు చెప్పుతుంది, ఇప్పుడు సెల్‌ఫోనులో కూడ ఉంటుంది. ఈక్వలైజరులో ఆ చోటును మూడు నాలుగు డెసిబెల్సు తగ్గించాలి. మళ్లీ పెంచాలి. ఇలాగు రెండు మూడు చోట్ల చేస్తే చాలు. ఇంకా తగ్గించుకొంటూ పోతే పాటలో పసే పోతుంది. చివరకు కూత మొదలైన చోటికి కొంత కిందికి మీటను దించి, అక్కడ ఒక గుర్తు పెట్టుకోవాలి. ఆరాధనలో ఆ గుర్తు దాటకూడదు. ఖాళీ మందిరములో కూయకుండా నిలిచినది, జనము నిండిన తరువాత సాధారణముగా కూయదు. మనుష్యుల దేహములు, బట్టలు శబ్దమును మింగుతవి.

7. వైరు, బ్యాటరీ చూచుకోండి. పీజో పికప్ బలహీనమైన సంకేతమును పంపుతుంది. దానికి సుమారు పది లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి. గిటారులో ప్రీఆంప్ లేకుండా పాత ఆంప్లిఫయరు మైకు రంధ్రములో నేరుగా గుచ్చితే శబ్దము పీలగా వస్తుంది. పీలగా ఉన్నదని మీట పెంచుతాము, అప్పుడు కూస్తుంది. మధ్యలో డీఐ బాక్సు అనే చిన్న పెట్టె పెట్టుకొంటే పొడవు వైరు వేసినా గరగర రాదు. ప్రీఆంప్ ఉన్న గిటారులలో 9 వోల్టుల బ్యాటరీ పండుగకు ముందే మార్చుకోండి.

8. మందిరమును మెత్తబరచండి. యాగంటి కొండ గుహలలో నిలబడి మాట్లాడినవారికి తెలుసు, మన మాట గుంయ్‌మని మన దగ్గరకే వస్తుంది. రాయి శబ్దమును మింగదు, తిప్పి కొడుతుంది. మన ప్రాంతపు నాపరాయి అందమైనది, మన్నికైనది, ఎందరికో అన్నము పెట్టినది. అయితే నాపరాయి నేల, సిమెంటు గోడ, రేకుల కప్పు కలిస్తే మందిరము కూడ ఒక గుహే. మేము నేల మీద జంపఖానాలు పరిపించి, పీఠము వెనుక గోడకు దళసరి తెర మడతలతో వేలాడదీశాము. తెర సన్న కూతను తగ్గిస్తుంది గాని లావు కూతను ఆపలేదు. దానికి పై ఉపాయములే దారి.

9. వాయించనప్పుడు అరచేయి తీగెల మీద. పాట ఆగినప్పుడు, ప్రార్థన జరుగుచున్నప్పుడు తీగెల మీద చేయి ఆనించి, గిటారు మీది నాబును తగ్గించాలి. కూత వచ్చినా కంగారుపడి తిరుగవద్దు. తీగెలు మూసి, నాబు తగ్గించి, బాక్సుకు దూరముగా ఒక అడుగు వేస్తే అది ఆగిపోతుంది.

సువార్త కూటములలో బయలున హారన్లు కట్టినప్పుడు గోడల బాధ ఉండదు. హారన్లు పందిరి వైపు తిరిగి ఉండకుండా చూచుకొంటే చాలు.

పొరుగువారి చెవి

ఈ సందర్భములో ఇంకొక మాట. కూతకు మందు వెదకుచు మేము తెలుసుకొన్నదేమనగా, సగము కూతలు అవసరమునకు మించి శబ్దము పెంచుట వలననే వస్తవి. అరవై కుటుంబముల మందిరములో అంత శబ్దము ఎవరి కోసము?

శబ్ద కాలుష్యమును గురించి 2000లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసింది. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగముగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. వాడుటకు వ్రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దు. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటించవచ్చు. అదే 2000వ సంవత్సరము ఆగస్టులో సుప్రీంకోర్టు మద్రాసు నగరమునకు చెందిన ఒక సంఘము మీద వచ్చిన వ్యాజ్యములో తీర్పు చెప్పింది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయమని ఏ మతమును బోధించదని న్యాయమూర్తులు అన్నారు. ఆ వ్యాజ్యములో ఉన్నది క్రైస్తవ సంఘమేనని చదివినప్పుడు మేము సిగ్గుపడ్డాము.

పురుషోత్తమ చౌదరిగారు 1803 నుండి 1890 వరకు జీవించారు. ఆయన కీర్తనలు తెలుగు సంఘములలో వ్యాపించిన కాలములో మైకు అన్నది లేదు. తాళములతో, నోటి పాటతోనే అవి పల్లె పల్లెకు పోయినవి. మైకు మనకు సహాయకుడు, యజమాని కాదు. కొరింథీ సంఘమునకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగవ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు వాయిద్యములను గురించి చెప్పిన సంగతి మీకు తెలుసు. స్వరములు స్పష్టముగా లేకపోతే వాయించినదేమిటో ఎవరికి తెలియదని ఆయన భావము. ఆయన అడిగినది స్పష్టత గాని పెద్ద శబ్దము కాదు.

అబ్బాయి ఇంటికి పోయినాము

పెద్దాయన వచ్చి పోయిన సాయంకాలమే మేము, మా ఇంటి అమ్మగారు కలిసి ఆ అబ్బాయి ఇంటికి పోయినాము. అతడు పని నుండి అప్పుడే వచ్చి, చేతుల మీది రాతి పొడి కడుక్కొంటున్నాడు. మమ్మును చూచి మంచము వాల్చాడు.

"నాయనా, తప్పు నీది కాదు. బాక్సులు తప్పు చోట పెట్టించినది మేము. నలుగురిలో నిన్ను మాట అన్నది మేము. నలుగురిలోనే ఆ మాట వెనక్కు తీసుకొంటాము. గిటారు అమ్మవద్దు" అన్నాము.

అతడు కొంతసేపు తల ఎత్తలేదు. తరువాత మెల్లగా, "అమ్మలేదు అయ్యగారూ. కొనేవాళ్లు దొరకలేదు" అన్నాడు. తల్లి పక్కుమని నవ్వింది. మేమును నవ్వాము. ఆ నవ్వుతో మా గుండెల మీది బరువు కొంత దిగింది.

వచ్చే ఆదివారము ప్రసంగమునకు ముందు సంఘము ఎదుట నిలబడి జరిగినది జరిగినట్లు చెప్పి, క్షమాపణ అడిగాము. పాస్టరు క్షమాపణ అడిగితే సంఘములో గౌరవము తగ్గునేమో అని ముందు రాత్రి మాకు నిద్ర పట్టని మాట నిజము. అయితే ఆ రోజు చెవులు మూసుకొన్న అవ్వే లేచి, "పిల్లోడిని పాడమనండి అయ్యగారూ, ఈ తూరి చెవులు మూసుకోనులే" అన్నది.

ఆ శనివారము నుండి అబ్బాయి, ఇంకో ఇద్దరు యౌవనస్థులు ఆరాధనకు అరగంట ముందే వచ్చి మైకులు చూచుకొంటున్నారు. మీట మీద వారు పెట్టిన ఎర్ర రంగు గుర్తు దాటుటకు పాస్టరుకు కూడ అధికారము లేదు. క్రిస్మసు రాత్రి పాట మధ్యలో ఒకసారి "హూం" అని మొదలైంది. అబ్బాయి తీగెల మీద అరచేయి ఆనించి, నాబు కొంచెము తగ్గించి, ఒక అడుగు పక్కకు వేశాడు. సంఘములో సగము మందికి ఏదో జరిగినట్టు కూడ తెలియదు.

తోటి సేవకులారా, సంఘ పెద్దలారా, మీ మందిరములో గిటారు వాయించే బిడ్డ ఉంటే, ముందు బాక్సులు ఎక్కడున్నవో చూడండి. మైకులు చూచుకొనే బాధ్యత ఒకరికి అప్పగించండి. కూత వచ్చినప్పుడు తగ్గించవలసిన మీటలలో మొదటిది మన గొంతు. ఆ రోజు ఆ తల్లి మా దగ్గరకు రాకపోయి ఉంటే, ఒక గిటారుతో పాటు ఒక బిడ్డను కూడ మేము పోగొట్టుకొని ఉందుము.

ప్రభువు మిమ్మును, మీ సంఘములను, మీ బిడ్డల పాటను దీవించును గాక.